డెబియన్ 12 నుంచి 13కు మారుతుండగా ప్యాకేజీ డిపెండెన్సీ దోషం: ‘హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్’ అంటూ ఆగిపోతోంది

చిగురుటాకు:

అందరికీ నమస్కారం. నా కంప్యూటర్‌లో డెబియన్ అనే లినక్స్ వ్యవస్థ 12వ విడుదల, అంటే బుక్‌వర్మ్, రెండేళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది. దానిని డెబియన్ 13 ట్రిక్సీకి మార్చాలని నిన్న రాత్రి కూర్చున్నాను. ముఖ్యమైన ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి తీసుకున్నాను. బయటి రిపాజిటరీలను (ప్యాకేజీలు, అంటే ప్రోగ్రాముల కట్టలు, దొరికే గిడ్డంగులను) ఆపేసి, సోర్సుల ఫైల్లో బుక్‌వర్మ్ అని ఉన్న చోటల్లా ట్రిక్సీ అని మార్చాను. విడుదల పత్రంలో చెప్పినట్టే ముందు కొత్త ప్యాకేజీలేవీ తేని చిన్న అప్‌గ్రేడ్ చేశాను. అది సాఫీగా పూర్తయింది. ఆ తరువాత ప్యాకేజీలను ఎక్కించే ఆప్ట్‌కు ఫుల్-అప్‌గ్రేడ్ ఆదేశం ఇస్తే కొద్దిసేపు లెక్కలు వేసుకుని కింది సందేశంతో ఆగిపోయింది.

‘లిబ్‌జీఎల్1-మెసా-డీఆర్‌ఐ:ఐ386 డిపెండ్స్ మెసా-లిబ్‌గ్యాలియం:ఐ386 బట్ ఇట్ ఈజ్ నాట్ గోయింగ్ టు బి ఇన్‌స్టాల్డ్. అనేబుల్ టు కరెక్ట్ ప్రాబ్లమ్స్, యు హావ్ హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్.’ అంటే ఒక ప్యాకేజీకి డిపెండెన్సీగా కావలసిన మరో ప్యాకేజీ ఎక్కడం లేదట, ‘ఆపి ఉంచిన చెడిన ప్యాకేజీలు’ ఉన్నాయట.

నేను ఏ ప్యాకేజీనీ హోల్డ్‌లో, అంటే వెర్షన్ మారకుండా ఆపి, పెట్టలేదు. ఆప్ట్-మార్క్ షోహోల్డ్ ఇస్తే ఒక్క పేరు కూడా రాలేదు. 32-బిట్ ప్యాకేజీలు నా దగ్గర ఉన్న మాట నిజమే. కొన్ని పాత విండోస్ ప్రోగ్రాములను వైన్ ద్వారా నడుపుతుంటాను. కంప్యూటర్ ప్రస్తుతానికి మామూలుగానే పనిచేస్తోంది గానీ, సగం పాతది సగం కొత్తది అయిన ఈ స్థితిలో దానిని రీస్టార్ట్ చేయడానికి ధైర్యం చాలడం లేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో పెద్దలు చెప్పగలరు.

రాత్రిబడి:

ముందుగా, ఆప్ట్ అడుగున పనిచేసే డీపీకేజీ కాన్ఫిగర్ ఆదేశాన్ని ‘అన్నీ’ అనే ఐచ్ఛికంతో ఒకసారి నడపండి. మధ్యలో ఆగిన ప్యాకేజీలు ఏమైనా ఉంటే వాటి అమరిక పూర్తవుతుంది. తరువాత ఆప్ట్ ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్ ఇవ్వండి. ఆ రెండింటితో తీరకపోతే ఆప్ట్ లిస్ట్‌కు ‘అబ్సొలీట్’ అనే నమూనా ఇచ్చి చూడండి. ఇప్పుడున్న ఏ రిపాజిటరీలోనూ దొరకని ప్యాకేజీలు మీ కంప్యూటర్‌లో ఏమేమి మిగిలాయో అది చెబుతుంది. చాలాసార్లు తగవు అక్కడే ఉంటుంది.

వేగుచుక్క:

నాకు ఇలాంటిదే వచ్చినప్పుడు అడ్డుపడిన ప్యాకేజీ డెబ్ ఫైలును దించుకుని, డీపీకేజీతో ఫోర్స్-డిపెండ్స్ ఇచ్చి, అంటే డిపెండెన్సీలను లెక్కచేయకుండా, ఎక్కించాను. అప్‌గ్రేడ్ ముందుకు సాగింది. సమయం తక్కువగా ఉంటే అదే దగ్గరి దారి.

సర్వర్‌గది:

వేగుచుక్క గారు మేలు కోరే చెప్పారని తెలుసు, అయినా ఈ సలహాను పాటించవద్దని చిగురుటాకు గారిని వేడుకుంటున్నాను. ఫోర్స్ ఐచ్ఛికం దోషాన్ని తీర్చదు. దోషం ఉందని చెప్పే నోటిని మూస్తుంది. కొన్నేళ్ల క్రితం నేను చూసుకునే ఒక సర్వర్‌లో సరిగ్గా ఈ పనే చేశాను. ఆ క్షణానికి ప్యాకేజీ ఎక్కింది. మరుసటి రోజు నుంచి ఆప్ట్ ఏ ఆదేశాన్నీ స్వీకరించలేదు. భద్రతా సవరణ ఒక్కటి ఎక్కించబోయినా ముందు ఫిక్స్-బ్రోకెన్ నడపమంది, అది నడిపితే మెయిల్ సేవతో సహా నూటికి పైగా ప్యాకేజీలను తీసేస్తానంది. ఎక్కడ తప్పటడుగు పడిందో తెలుసుకోవడానికి లాగ్ ఫైళ్లు చదువుతూ ఒక రాత్రంతా గడపవలసి వచ్చింది.

ఇక అసలు విషయం. చిగురుటాకు గారి కంప్యూటర్ ఆగింది గానీ విరగలేదు. ఫుల్-అప్‌గ్రేడ్ లెక్క కుదరక ముందే వెనక్కి తగ్గింది, ఒక్క ఫైలును కూడా ముట్టుకోలేదు. కాబట్టి తొందరపడవలసిన అవసరం లేదు.

ఆ సందేశంలోని చివరి వాక్యం చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ‘హెల్డ్’ అన్న మాట చూసి మనం ఏదో హోల్డ్‌లో పెట్టామనుకుంటాం. ఆప్ట్ ఉద్దేశం అది కాదు. ఉన్న నియమాలన్నీ పాటిస్తూ ముందుకు వెళ్లే దారి దొరకనప్పుడు కూడా అదే వాక్యం అచ్చవుతుంది. పైగా అది చూపించే మొదటి పేరు గొలుసులోని పై కడియం మాత్రమే. తెగిన కడియం ఇంకా లోపల ఎక్కడో ఉంటుంది. దానిని చేతితో వెతకాలి, వెతకడం కష్టమేమీ కాదు. ఆప్ట్ ఇన్‌స్టాల్‌ను సిమ్యులేట్ ఐచ్ఛికంతో, అంటే నిజంగా ఏమీ మార్చకుండా, మెసా-లిబ్‌గ్యాలియం:ఐ386 మీద నడపండి. అది ఇంకొక పేరు చెబుతుంది. ఆ పేరు మీద మళ్లీ నడపండి. ‘నాట్ గోయింగ్ టు బి ఇన్‌స్టాల్డ్’ అన్న మాట ఆగిపోయి వేరే మాట వచ్చే వరకు ఇలా దిగుతూ వెళ్లండి. ఆ వేరే మాటను ఉన్నదున్నట్టుగా ఇక్కడ రాయండి.

చిగురుటాకు:

సర్వర్‌గది గారికి కృతజ్ఞతలు. ముందు రాత్రిబడి గారు చెప్పిన మూడూ చేశాను. కాన్ఫిగర్ ఏమీ చెప్పలేదు. ఫిక్స్-బ్రోకెన్ సున్నా మార్పులంది. అబ్సొలీట్ జాబితాలో ఇంకా అప్‌గ్రేడ్ కాని పాత పేర్లు చాలా వచ్చాయి, వాటిలో పాత ఫాంట్ ప్యాకేజీ ఒకటి, పాత కెర్నల్ (వ్యవస్థ మూల భాగం) ఒకటి ఉన్నాయి. వాటికీ దీనికీ సంబంధం కనబడలేదు.

తరువాత మీరు చెప్పినట్టు దిగాను. మెసా-లిబ్‌గ్యాలియం:ఐ386 తనకు లిబ్‌ఎల్‌ఎల్‌వీఎం19:ఐ386 అనే లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే ఉమ్మడి కోడ్) కావాలంది. దాని మీద సిమ్యులేట్ నడిపితే మాట మారింది: ‘లిబ్‌ఎల్‌ఎల్‌వీఎం19 బ్రేక్స్ లిబ్‌ఎల్‌ఎల్‌వీఎం19:ఐ386’ అని వచ్చి, పక్కన బ్రాకెట్లలో ‘సమానం కాదు’ గుర్తుతో ఒక పొడవైన వెర్షన్ సంఖ్య ఉంది. ఒక ప్యాకేజీ తనతో తానే తగవు పడడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

మూలలిపి:

అది తనతో తాను పడుతున్న తగవు కాదు, తన 32-బిట్ జంటతో పడుతున్న తగవు. చిగురుటాకు గారు తెచ్చిన ఈ ఒక్క వాక్యంతో సగం పని అయిపోయింది.

డెబియన్‌లో ఒకే కంప్యూటర్ మీద రెండు నిర్మాణాల (ప్రాసెసర్ రకాల) ప్యాకేజీలు, అంటే 64-బిట్ ఏఎండీ64 వి, 32-బిట్ ఐ386 వి, పక్కపక్కన ఉండవచ్చు. లైబ్రరీలలో చాలావాటికి ‘మల్టీ-ఆర్చ్: సేమ్’ అనే గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఉన్న లైబ్రరీ రెండు నిర్మాణాలలోనూ ఎక్కవచ్చు, కానీ రెండింటి వెర్షనూ అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి. కారణం సులభమే: ఆ రెండూ డాక్యుమెంటేషన్ వంటి కొన్ని ఫైళ్లను పంచుకుంటాయి, ఆ ఫైళ్లు రెండు చోట్లా ఒకే రకంగా లేకపోతే డీపీకేజీ ఒప్పుకోదు. ఈ నియమాన్నే ఆప్ట్ ‘బ్రేక్స్’ (పొసగదు) అని, ‘సమానం కాదు’ అనే గుర్తుతో చూపిస్తుంది.

కాబట్టి మీ దగ్గర ఏఎండీ64 లిబ్‌ఎల్‌ఎల్‌వీఎం19 ముందే ఉండి ఉండాలి, అదీ డెబియన్‌ది కాని వెర్షన్‌లో. ఆప్ట్-క్యాష్ పాలసీ లిబ్‌ఎల్‌ఎల్‌వీఎం19 అని ఇచ్చి, ‘ఇన్‌స్టాల్డ్’ (ఎక్కి ఉన్నది), ‘క్యాండిడేట్’ (ఎక్కించదగినది) అనే రెండు వరుసలు చూడండి.

అబ్సొలీట్ జాబితాలో ఇది ఎందుకు రాలేదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. ఆ నమూనా ప్యాకేజీ ఏ రిపాజిటరీలోనూ లేకపోతేనే చూపిస్తుంది. లిబ్‌ఎల్‌ఎల్‌వీఎం19 ట్రిక్సీలోనూ ఉంది, కనుక మీ దగ్గర ఉన్న వెర్షన్ బయటిదైనా దానికి పట్టదు. ఇలాంటివి పట్టుకోవాలంటే ‘నారో’ అనే నమూనా లోపల ‘ఇన్‌స్టాల్డ్’ను, ‘నాట్ ఆరిజిన్ డెబియన్’ను కలిపి ఇవ్వాలి. ఎక్కించిన వెర్షన్ డెబియన్ నుంచి రాని ప్రతి ప్యాకేజీ అందులో కనిపిస్తుంది. విడుదల మారే ముందు నడపవలసిన ఆదేశం ఒక్కటే చెప్పమంటే నేను దీనినే చెబుతాను.

చిగురుటాకు:

మూలలిపి గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజమైంది. పాలసీలో ఎక్కించిన వెర్షన్, ట్రిక్సీ ఇచ్చే వెర్షన్ కంటే పెద్దది. నారో జాబితాలో, ఇంకా అప్‌గ్రేడ్ కాని బుక్‌వర్మ్ ప్యాకేజీలను పక్కన పెడితే, లిబ్‌ఎల్‌ఎల్‌వీఎం19తో పాటు క్లాంగ్-19, ఎల్‌ఎల్‌వీఎం-19, ఇంకా వాటి తోడు ప్యాకేజీలు మూడు వచ్చాయి. ఆప్ట్ హిస్టరీ లాగ్ తిరగేస్తే గుర్తుకు వచ్చింది. ఏడాది క్రితం ఒక ప్రోగ్రామును కంపైల్ చేయడానికి కొత్త క్లాంగ్ కంపైలర్ కావలసి వచ్చి, ఒక బయటి రిపాజిటరీ చేర్చి ఎక్కించాను. అప్‌గ్రేడ్‌కు ముందు ఆ రిపాజిటరీని ఆపేశాను గనుక దాని బెడద ఉండదనుకున్నాను.

అయితే ఏడాది పాటు లేని తగవు ఇప్పుడెందుకు వచ్చింది?

మూలలిపి:

రిపాజిటరీని ఆపితే కొత్త ప్యాకేజీలు రావడం ఆగుతుంది, వచ్చినవి వెళ్లిపోవు. ఆప్ట్ తనంతట తానుగా పెద్ద వెర్షన్ నుంచి చిన్న వెర్షన్‌కు దిగదు. ఆప్ట్ లెక్కలో రిపాజిటరీలోని ప్యాకేజీకి మామూలుగా 500 ప్రాధాన్యం, ఇప్పటికే ఎక్కి ఉన్న వెర్షన్‌కు 100. అలా చూస్తే ట్రిక్సీదే గెలవాలి, కానీ ప్రాధాన్యం 1000కి చేరితే తప్ప వెర్షన్‌ను కిందికి దించకూడదన్నది వేరే నియమం. అందుకే బయటి లిబ్‌ఎల్‌ఎల్‌వీఎం19 అక్కడే కూర్చుంది.

ఏడాది పాటు గొడవ లేకపోవడానికి కారణం, బుక్‌వర్మ్‌లోని మెసా గ్రాఫిక్స్ లైబ్రరీలకు కావలసింది లిబ్‌ఎల్‌ఎల్‌వీఎం15. మీ 32-బిట్ మెసా 15ను వాడుకుంటూ ఉంది, మీ క్లాంగ్ 19ని వాడుకుంటూ ఉంది, పేర్లు వేరు కనుక ఎవరి దారి వారిది. ట్రిక్సీలో మెసా లిబ్‌ఎల్‌ఎల్‌వీఎం19కి మారింది. అప్పుడు 32-బిట్ వైపు కూడా 19 కావలసి వచ్చింది, డెబియన్ దగ్గర దాని ఐ386 వెర్షన్ వేరు, మీ దగ్గరున్న ఏఎండీ64 వెర్షన్ వేరు. రెండూ కలవవు.

పరిష్కారానికి వెర్షన్‌ను దించడం ఒక దారి. మీ సందర్భంలో అంతకంటే శుభ్రమైన దారి ఉంది. బయటి లిబ్‌ఎల్‌ఎల్‌వీఎం19ని మీ కంప్యూటర్‌లో బయటి క్లాంగ్ తప్ప ఇంకెవరూ వాడుకోవడం లేదు. కాబట్టి ఆ ఆరు ప్యాకేజీలనూ ఒకే ఆదేశంలో తీసేయండి. ముందు సిమ్యులేట్‌తో చూసి, జాబితాలో ఆ ఆరు తప్ప ఇంకేమైనా ఉంటే ఆగి ఇక్కడ రాయండి. అప్‌గ్రేడ్ పూర్తయ్యాక క్లాంగ్ మళ్లీ ఎక్కించుకోవచ్చు. ట్రిక్సీలో క్లాంగ్ మామూలు వెర్షనే 19, అందువల్ల బయటి రిపాజిటరీ అవసరమే మీకు ఉండదు.

రాత్రిబడి:

ఒక సందేహం. ఆప్ట్ ప్రిఫరెన్సెస్‌లో ట్రిక్సీకి 1001 ప్రాధాన్యం ఇచ్చేస్తే ఇలాంటివన్నీ వాటంతట అవే కిందికి దిగుతాయి కదా? ఒక్కొక్కటి వెతకనవసరం లేదు.

మూలలిపి:

దిగుతాయి, మీకు తెలియనివి కూడా దిగుతాయి. ఏదైనా ఒక కారణంతో కావాలని ఎక్కించుకున్న కొత్త వెర్షన్లన్నీ ఒక్కసారిగా పాతవైపోతాయి. వెర్షన్ దించడాన్ని ప్యాకేజీ తయారీదారులు పరీక్షించరు. కొత్త వెర్షన్ తన డేటాబేసును కొత్త రూపంలోకి మార్చి ఉంటే పాత వెర్షన్ దానిని చదవలేకపోవచ్చు. రెండు మూడు లైబ్రరీలకు ఫరవాలేదు, అప్పుడు కూడా పేరు పక్కన ఏటవాలు గీత (/) పెట్టి ట్రిక్సీ అని రాసి, రెండు నిర్మాణాలనూ ఒకే ఆదేశంలో ఇవ్వాలి. విడివిడిగా ఇస్తే మొదటిది రెండవదానితో తగవు పడి ఆగుతుంది. లిబ్‌సీ6 వంటి మూల లైబ్రరీని మాత్రం ఎన్నడూ దించవద్దు.

ఇంకొక మాట. డెబియన్ బ్యాక్‌పోర్ట్స్ (కొత్త వెర్షన్లను పాత విడుదలకు అందించే డెబియన్ సొంత రిపాజిటరీ) నుంచి తెచ్చుకున్నవాటితో ఈ బాధ సాధారణంగా రాదు. వాటి వెర్షన్‌లో ఒక టిల్డ (~) గుర్తు ఉంటుంది. డీపీకేజీ లెక్కలో టిల్డ ఏమీ లేకపోవడం కంటే కూడా చిన్నది, కనుక తదుపరి విడుదలలోని అసలు వెర్షన్ ఎప్పుడూ దానికంటే పెద్దదై అప్‌గ్రేడ్ సహజంగా జరుగుతుంది. బయటి రిపాజిటరీల వారందరూ ఈ పద్ధతిని పాటించరు.

చిగురుటాకు:

సిమ్యులేట్‌లో సరిగ్గా ఆ ఆరే వచ్చాయి, తీసేశాను. ఇప్పుడు ఫుల్-అప్‌గ్రేడ్ సిమ్యులేట్ దోషం లేకుండా పూర్తవుతోంది. నిజంగా నడపబోయే ముందు తొలగించే జాబితా చదివి చేయి వెనక్కి తీసుకున్నాను. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3, లిబ్‌కర్ల్4 వంటివి తీసేస్తానంటోంది. అవి పోతే నెట్‌వర్క్ పనిచేస్తుందా?

సర్వర్‌గది:

ఆగి అడగడం మంచి పని. అదే తెరపై కొత్తగా ఎక్కించే జాబితా కూడా చదవండి. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64, లిబ్‌కర్ల్4టీ64 కనిపిస్తాయి. పాతది పోవడం లేదు, పేరు మార్చుకుని వస్తోంది.

ఈ ‘టీ64’ వెనుక పెద్ద పనే ఉంది. యూనిక్స్ తరహా వ్యవస్థలు 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా కాలాన్ని లెక్కిస్తాయి. ఆ లెక్కను 32 బిట్లలో దాచుకునే ప్రోగ్రాములకు 2038 జనవరి 19న గడియారం నిండిపోతుంది. అందుకని డెబియన్ వారు 32-బిట్ నిర్మాణాలలో కాలాన్ని 64 బిట్లకు పెంచారు. అలా పెంచితే లైబ్రరీల లోపలి అమరిక మారుతుంది, పాత ప్రోగ్రాము కొత్త లైబ్రరీని పొరపాటున వాడితే తప్పు జరుగుతుంది, కాబట్టి ప్రభావితమైన లైబ్రరీలకు పేరే మార్చారు. మీ ఏఎండీ64లో కాలం ముందు నుంచీ 64 బిట్లే, అయినా పేరు అన్ని నిర్మాణాలలో ఒకటే ఉండాలి గనుక ఇక్కడా మారింది. పాత 32-బిట్ ప్రోగ్రాములు చెడకూడదని ఐ386లో మాత్రం కాలాన్ని పెంచకుండా వదిలారు.

మామూలు ఆప్ట్ అప్‌గ్రేడ్ ఏ ప్యాకేజీనీ తీసేయదు. పేరు మారినప్పుడు పాతదాన్ని తీయక తప్పదు. అందువల్లే ‘కెప్ట్ బ్యాక్’ (వెనక ఆపినవి) అంటూ వందలాది ప్యాకేజీలు మిగిలిపోతాయి, ఫుల్-అప్‌గ్రేడ్ కావలసి వస్తుంది. తొలగించే జాబితాలో మీరు చూడవలసింది మూడే మూడు: డెస్క్‌టాప్ మూల ప్యాకేజీ, కెర్నల్ మూల ప్యాకేజీ, మీ రోజువారీ పనికి కావలసిన ప్రోగ్రాము. ఇవి గనుక జోడీ లేకుండా పోతున్నట్టు కనిపిస్తే అవునని చెప్పవద్దు.

పొద్దుపొడుపు:

నేను ఫెడోరా అనే మరో లినక్స్ వాడుతాను. అక్కడ కూడా ఇలాగే వెతకాలా?

సర్వర్‌గది:

వెతికే తీరు అదే, పనిముట్టు వేరు. అక్కడ ఆప్ట్ స్థానంలో ఉండే డీఎన్‌ఎఫ్ మొదటి నుంచీ సాట్ తరహా పరిష్కర్తను (నియమాలన్నిటినీ తర్కంతో కలిపి చూసే భాగాన్ని) వాడుతుంది కాబట్టి కారణాన్ని కొంత స్పష్టంగా చెబుతుంది. అలౌ-ఎరేజింగ్ ఐచ్ఛికం ఇచ్చే ముందు అది ఏమేమి తీస్తుందో చదవండి. ఆర్చ్ లినక్స్ వాడేవారు మాత్రం జాబితాను తాజా చేసి ఒక్క ప్యాకేజీనే ఎక్కించే అలవాటు మానుకోవాలి. సగం అప్‌గ్రేడ్‌కు అక్కడ మద్దతు లేదు. అన్ని డిపెండెన్సీలనూ ఒకేసారి తీర్చే జోడింపును వెతకడం గణితపరంగా ఎన్‌పీ-కంప్లీట్ తరగతి సమస్య, అంటే ఎప్పుడూ వేగంగా తేల్చే దారి ఇంతవరకు తెలియనిది. ఆప్ట్ పాత పరిష్కర్త అంచనాల మీద నడిచి, కుదరనప్పుడు మొదటి పేరు చెప్పి ఊరుకుంటుంది. ట్రిక్సీతో వచ్చే ఆప్ట్ 3.0లో వెనక్కి నడిచి మరో దారి చూసే కొత్త పరిష్కర్తను చేర్చారు.

వేగుచుక్క:

నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. మీ చర్చ చదివి నా కంప్యూటర్‌లో నారో నమూనా నడిపితే పదకొండు ప్యాకేజీలు వచ్చాయి, అందులో నేను ఫోర్స్‌తో ఎక్కించింది కూడా ఉంది. ఒక్కొక్కటి చూస్తున్నాను. చిగురుటాకు గారికి నా వంతుగా ఒక జాగ్రత్త చెబుతాను: బూట్ విభజనలో చోటు ఎంతుందో చూసుకోండి. ట్రిక్సీ విడుదల పత్రం ఆ విభజన కనీసం 768 ఎంబీ ఉండాలని, అందులో దాదాపు 300 ఎంబీ ఖాళీ ఉండాలని చెబుతోంది. చోటు చాలక కొత్త కెర్నల్ అమరిక మధ్యలో ఆగితే ఆ తరువాత వచ్చే దోషాలు కూడా డిపెండెన్సీ దోషాల్లాగే కనిపిస్తాయి, మనం లేనిచోట వెతుకుతాం.

చిగురుటాకు:

వేగుచుక్క గారు చెప్పకపోతే అక్కడే ఆగేవాడిని. బూట్‌లో 90 ఎంబీయే ఖాళీ ఉంది. అబ్సొలీట్ జాబితాలో వచ్చిన పాత కెర్నల్‌ను, దానితో పాటు ఆటోరిమూవ్ ఆదేశం అక్కరలేనివిగా చూపించిన ఇంకో రెండింటిని తీసేస్తే 340 దాటింది. నడుస్తున్న కెర్నల్ ఏదో యూనేమ్ ఆదేశంతో సరిచూసుకున్నాకే తీశాను.

తొలగించే జాబితాను కాగితం మీద రాసుకుని జోడీలు కలిపాను. టీ64 పేరు లేకుండా పోతున్నవి నాలుగు మిగిలాయి. మూడు పాత పైథాన్ 3.11 ప్యాకేజీలు, ట్రిక్సీలో వాటి స్థానంలో 3.13 వస్తోంది. నాలుగవది నేను వాడని ప్రింటర్ సహాయక ప్రోగ్రాము. ఆ తరువాత, టెర్మినల్ కిటికీ మూసుకుపోయినా పని ఆగనివ్వని టీమక్స్ తెరిచి, దాని లోపల ఫుల్-అప్‌గ్రేడ్ నడిపాను. గంటా పది నిమిషాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు మార్చిన అమరిక ఫైళ్ల గురించి అడిగింది. తేడా చూపించమని చూసి, నా మార్పులున్న ఫైలును ఉంచుకుని, నేను ముట్టుకోని ఫైలుకు కొత్తది తీసుకున్నాను.

రీస్టార్ట్ తరువాత డెస్క్‌టాప్, నెట్‌వర్క్, వైన్‌లోని పాత ప్రోగ్రాములు అన్నీ పనిచేస్తున్నాయి. పాలసీ ఇస్తే లిబ్‌ఎల్‌ఎల్‌వీఎం19 రెండు నిర్మాణాలకూ ఒకే వెర్షన్ చూపిస్తోంది. క్లాంగ్‌ను ట్రిక్సీ నుంచే ఎక్కించి, అప్పటి ప్రోగ్రామును మళ్లీ కంపైల్ చేశాను, దోషం లేకుండా పూర్తయింది. నారో జాబితాలో ఇప్పుడు బయటి రిపాజిటరీ ప్యాకేజీ ఒక్కటీ లేదు. ఆపి ఉంచిన ఆ బయటి రిపాజిటరీ ఫైలును, దాని తాళంచెవి ఫైలును కూడా తొలగించాను.